రెండు రాత్రుల సముద్రపు మజిలీ: ఏ ఇంట్లో దిగాలి?

ప్రశ్న: సెలవుల్లో కారులో చాలా దూరం వెళ్తున్నాం. దారిలో రెండు రాత్రులు సముద్రం ఒడ్డున ఆగాలనుకున్నాం. మేమిద్దరం, తొమ్మిదేళ్ళ బాబు, మూడేళ్ళ పాప, మోకాళ్ళ నొప్పులున్న మా అత్తయ్య. ఎక్కడికి వెళ్ళినా ఒకేలా ఉండే హోటల్ గదులంటే నాకు విసుగు పుట్టింది. కాస్త పాతదనం, కాస్త కథ ఉన్న ఇంట్లో ఉండాలని కోరిక. మావారేమో "క్రితంసారి నీ పాత బంగళా చాలు" అంటున్నారు. అక్కడ మెట్లు నిటారుగా ఉన్నాయి, రాత్రంతా దోమలు, ఎవరికీ నిద్ర లేదు. ఈసారి మూడు ఇళ్ళు చూసి పెట్టుకున్నాను. ఒకటి గుట్ట మీద రాతి ఇల్లు, కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది. రెండోది ఇసుకలోనే కట్టిన చెక్క కాటేజీ. మూడోది ఊళ్ళో వెనక వీధిలో పాత పెంకుటిల్లు, ఇంటివాళ్ళు పక్క వాటాలో ఉంటారు, సముద్రానికి పది నిమిషాల నడక అని రాశారు. నాలుగోది మావారు చూసిన హోటల్, స్విమ్మింగ్ పూల్ ఉంది. ఏది తీసుకోమంటారు? పిల్లలతో, పెద్దావిడతో వెళ్తూ ఇలాంటి ముచ్చట్లు పెట్టుకోవడం తప్పంటారా?

సమాధానం: ముందు జవాబు చెప్పేస్తాను. మూడోది, ఆ వెనక వీధి పెంకుటిల్లు తీసుకోండి. అయితే డబ్బు కట్టేముందు ఇంటివాళ్ళతో ఒకసారి ఫోన్‌లో మాట్లాడాలి. వాళ్ళ జవాబులు తేడాగా అనిపిస్తే మొహమాటం లేకుండా మీవారి హోటల్‌కే వెళ్ళండి. గుట్ట మీది ఇల్లు, ఇసుకలో కాటేజీ ఈసారికి వద్దు. అవి చెడ్డవని కాదు, మీ ఐదుగురికీ ఈ రెండు రాత్రులకీ కుదరవు.

ముచ్చట పడటం తప్పేమీ కాదు. క్రితంసారి మీరు పాత బంగళా ఎంచుకున్నందుకు ఇబ్బంది పడలేదనుకుంటాను. వారం రోజులు ఉండటానికి పనికొచ్చే ఇంటిని ఒకటి రెండు రాత్రులకి తీసుకుని ఉంటారు. వారం ఉంటే ఇంటికి అలవాటు పడే వ్యవధి దొరుకుతుంది. మొదటిరోజు గీజర్ స్విచ్ ఎక్కడుందో వెతుక్కుంటాం, రెండోరోజు చీకట్లో కూడా వేసేస్తాం. మూడోరోజుకి ఎత్తు మెట్లు కూడా కాళ్ళకి తెలిసిపోతాయి. రెండు రాత్రుల మజిలీలో ఆ మూడోరోజు మనకి రాదు. మజిలీ అనే మాట అరబ్బీ 'మన్‌జిల్' నుంచి వచ్చింది. స్వారీ దిగే చోటని దానర్థం. నాకు ఆ అర్థమే చాలా ఇష్టం. దిగీ దిగగానే ఒళ్ళు వాల్చగలిగే చోటై ఉండాలి, దాన్ని నేర్చుకునే పని ఉండకూడదు.

ఒకసారి గంటలు లెక్క వేసి చూడండి. మొదటిరోజు సాయంత్రం ఐదింటికి చేరి, మూడోరోజు పొద్దున పదింటికి బయల్దేరతారనుకుందాం. మొత్తం 41 గంటలు. పిల్లలతో కాబట్టి నిద్రకి రాత్రికి 9 చొప్పున 18 పోతాయి. మిగిలినవి 23. స్నానాలు, తిండి, పాపని జోకొట్టడం, కనపడకుండా పోయిన ఒక చెప్పు కోసం వెతకడం, విప్పిన సామాను మళ్ళీ సర్దడం, వీటికి ఎనిమిది గంటలైనా పోతాయి. రెండోరోజు మిట్టమధ్యాహ్నం ఎండలో పిల్లల్ని ఒడ్డుకి తీసుకెళ్ళరు కాబట్టి ఇంకో నాలుగు తీసెయ్యండి. చివరికి సముద్రానికి మిగిలేది 11 గంటలు. అవైనా ఒక్కచోట ఉండవు. దిగిన సాయంత్రం కాసేపు, రెండోరోజు ఉదయం, మళ్ళీ సాయంత్రం, వెళ్ళే రోజు తెల్లవారాక కాసేపు.

అంటే సముద్రం కోసం వెళ్తున్నామని పేరే గానీ 41 గంటల్లో 30 ఇంట్లోనే గడుస్తాయి. "పడుకోవడానికేగా, ఏ గదైతే ఏం" అని మీవారు అంటే ఈ లెక్క చూపించండి. కాకపోతే ఇందులో మీకూ ఒక మెలిక ఉంది. ఆ ముప్పై గంటలు బాగున్నాయా లేదా అన్నది మీరు తేల్చేది కాదు, ఇంట్లో అందరికంటే త్వరగా అలిసిపోయే మనిషి తేల్చేది. మీ కుటుంబంలో అలాంటివాళ్ళు ఇద్దరున్నారు, ఒకరు మూడేళ్ళవారు, ఒకరు మోకాళ్ళ నొప్పులవారు. వాళ్ళిద్దరికీ సుఖంగా ఉండి, ఆపైన కథ కూడా ఉన్న ఇల్లు కావాలి. కథ ఉంది కదా అని వాళ్ళని సర్దుకోమనడం మొదలుపెడితే మళ్ళీ పాత బంగళానే.

ఇంతకీ కథ ఉన్న ఇల్లంటే ఏమిటి? ప్రకటనల్లో అది చాలా చవకైపోయింది. గోడకి రెండు తెడ్లు తగిలించి, మూల ఒక లంగరు పెట్టి, దిండ్ల మీద నీలం చారలు వేస్తే సముద్రపు ఇల్లు అయిపోయింది. వాటిని తీసి పక్కన పెట్టినా ఇంటికేమీ కాదు, ఎందుకంటే ఇంటికీ వాటికీ సంబంధం లేదు. నిజంగా కథ ఉన్న ఇంట్లో దాన్ని విడిగా తగిలించాల్సిన పని ఉండదు, కట్టడంలోనే ఉంటుంది. నార్వేలోని లోఫోటెన్ దీవుల్లో రోర్బు అని ఎర్ర రంగు చెక్క ఇళ్ళుంటాయి, నీళ్ళ మీదికి కర్ర స్తంభాల మీద నిలబెట్టి ఉంటాయి. అవి అందం కోసం అలా కట్టినవి కావు. చలికాలంలో కాడ్ చేపల వేటకి దూరం నుంచి పడవల మీద వచ్చేవాళ్ళు రాత్రి తలదాచుకోవడానికి కట్టినవి. మొదటివి 1120 ప్రాంతంలో అప్పటి రాజు కట్టించాడని చెబుతారు. పడవ నేరుగా గుమ్మం కిందికి రావాలి కాబట్టి ఇల్లు నీళ్ళలోకి వెళ్ళింది. ఇప్పుడు వాటిలో చాలా వాటిని పర్యాటకులకి అద్దెకిస్తున్నారు. తొమ్మిదేళ్ళ పిల్లాడు "ఇల్లు నీళ్ళ మీద ఎందుకుంది?" అని అడిగితే చెప్పడానికి జవాబుంది. నా దృష్టిలో కథ ఉన్న ఇంటికి పరీక్ష ఇదే. కిటికీ ఎందుకు ఇంత చిన్నది, గోడ ఎందుకు ఇంత మందం, ఈ గదికి రెండు తలుపులెందుకు అని పిల్లలు అడిగితే ఇంటివాళ్ళ దగ్గర సమాధానం ఉండాలి.

లైట్‌హౌస్‌లు కూడా ఇలాంటివే. దీపాలు తమంతట తామే వెలిగే ఏర్పాట్లు వచ్చాక కాపలాదారుల అవసరం తీరిపోయింది. బ్రిటన్‌లో చివరి లైట్‌హౌస్ నుంచి కాపలాదారులు 1998లో దిగిపోయారు. వాళ్ళు కాపురమున్న ఇళ్ళు చాలా దేశాల్లో ఇప్పుడు అతిథుల బసలయ్యాయి. క్రొయేషియా తీరంలో అలాంటివి చాలా ఉన్నాయి. ఎప్పుడైనా అవకాశం వస్తే వెళ్ళండి గానీ ఒక సంగతి గుర్తుంచుకోండి. లైట్‌హౌస్‌ని ఎక్కడ కడతారు? పడవలకి ప్రమాదమున్న చోట. అంటే రాళ్ళు, కొండకొనలు, ఈదురుగాలి. మూడేళ్ళ పాపతో ఒక రాత్రి ఆగడానికి అది చోటు కాదు. మీ పాపకి పదేళ్ళు వచ్చాక అయితే అంతకంటే మంచి చోటు ఉండదు.

ఇంకో రకం కథ మనుషుల్లో ఉంటుంది. ఇల్లు మామూలుదే, ఇంటావిడ మాత్రం ఆ తీరంలోనే పుట్టి పెరిగినావిడ. ఏ ఒడ్డున ఇసుక మెత్తగా ఉంటుందో, ఏ పక్కకి పిల్లల్ని పోనివ్వకూడదో ఆవిడకి తెలుసు. వారం ఉంటే ఇవన్నీ మనమే తెలుసుకుంటాం. రెండు రాత్రులకి వచ్చినవాళ్ళకి అలా తెలిసిన మనిషి పక్క వాటాలో ఉండటం కంటే పెద్ద సౌకర్యం లేదు. మీ మూడో ఇంటి వైపు నేను మొగ్గింది సగం ఇందుకే.

ఇక గుట్ట మీది ఇల్లు. ఫోటో చూస్తే ఎవరికైనా మనసవుతుంది. నాకూ అయింది ఒకసారి. "సముద్రానికి రెండు నిమిషాలు" అని రాసిన ఒక పాత ఇంటికి నాన్నని, పిల్లల్ని తీసుకుని వెళ్ళాను. రెండు నిమిషాలన్నది నిజమే, రాయి విసిరితే పడే దూరం. దిగడానికి మాత్రం 140 మెట్లు, బండలో చెక్కినవి, పట్టుకోవడానికి ఒక పక్కన తాడు. నాన్న మొదటి సాయంత్రం పది మెట్లు దిగి చూసి వెనక్కి వచ్చేశారు. రెండు రోజులూ పైనే కుర్చీలో కూర్చుని పేపర్ చదువుకున్నారు, మేము కిందినుంచి చేతులు ఊపితే ఆయన పైనుంచి ఊపేవారు. "నాకు ఇక్కడే బాగుందమ్మా" అన్నారు గానీ కార్లో తిరిగొస్తున్నప్పుడు "ఆ నీళ్ళు చల్లగా ఉన్నాయా?" అని మా చిన్నదాన్ని అడిగారు. అప్పటినుంచి నేను ఎవరికైనా చెప్పేది ఒకటే, దూరం మీటర్లలో అడక్కండి, మెట్లలో అడగండి. సముద్రం కనిపించే ఇల్లు వేరు, సముద్రానికి వెళ్ళగలిగే ఇల్లు వేరు. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి ఎత్తు నుంచి సముద్రం చూపించడం అంటే ఊరించడమే.

మీరు చూసిన ఇంటికి మెట్లు లేవేమో, కారు పైదాకా వెళ్తుందేమో కనుక్కోవచ్చు. అలా అయినా గుట్ట మీద ఇంటి చుట్టూ ఏముందన్నది చూసుకోవాలి. మూడేళ్ళ పిల్ల ఉన్నప్పుడు వరండా కమ్మీల మధ్య సందు కొలత అడగడానికి సిగ్గుపడకండి. చాలా దేశాల కట్టడ నిబంధనల్లో ఆ సందు 10 సెంటీమీటర్లు, అంటే దాదాపు 4 అంగుళాలు మించకూడదు. పసిపిల్లల తల దూరకూడదని ఆ లెక్క. ఈ నిబంధనలు రాకముందు కట్టిన ఇళ్ళలో సందులు వెడల్పుగా, కమ్మీలు ఎక్కడానికి వీలుగా అడ్డంగా ఉంటాయి. పాతదనం ముచ్చటే గానీ రెండు రోజులూ ఒకరు పాప వెనకే తిరగాల్సి వస్తే ఆ ఒకరికి సెలవు లేనట్టే. ఆ ఒకరు ఎవరో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇసుకలో చెక్క కాటేజీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది పడేది ఇక్కడే. తలుపు తీస్తే సముద్రం అనే మాట పెద్దవాళ్ళకి ఆనందం, మూడేళ్ళ పిల్ల ఉన్న ఇంటికి టెన్షన్. అక్కడ తలుపు గడియ ఎత్తు దగ్గర్నుంచి చూసుకోవాలి. తెల్లవారుజామున మీరు నిద్రలో ఉండగా పాప లేచి తలుపు తీస్తే ముందు వాకిలి ఉండదు, నీళ్ళే.

రెండోది ఆటుపోట్లు. ఎక్కువ తీరాల్లో ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. అందుకే పోటు వేళ రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ పోటు మరీ ఎక్కువ, ఆటు వేళ నీళ్ళు మరీ వెనక్కి పోతాయి. కొన్ని ఒడ్డుల్లో పోటు వేళ ఇసుక మొత్తం మునిగిపోతుంది, ఫోటోలో చూసిన విశాలమైన బీచ్ కాటేజీ మెట్ల దాకా కుంచించుకుపోతుంది. మీకున్నవే 11 గంటలు. అవి పోటు వేళల్లో పడితే బాబు తెచ్చుకున్న బకెట్టు, పార కార్లోనే ఉండిపోతాయి. ఏ ఇంట్లో దిగినా సరే, మీరు ఉండే తేదీలకి ఆ తీరపు ఆటుపోట్ల పట్టిక ముందే చూసుకోండి. ఉచితంగానే దొరుకుతుంది. పొద్దున ఏడింటికి నీళ్ళు వెనక్కి వెళ్ళి ఉంటాయా, సాయంత్రమా అన్నది తెలిస్తే రెండోరోజు నిద్ర, తిండి అన్నీ దాని చుట్టూ పెట్టుకోవచ్చు.

మూడోది గాలి. ఇది మీ పాత బంగళా దోమలతో ముడిపడిన సంగతి. పగలు నేల త్వరగా వేడెక్కి గాలి సముద్రం మీదినుంచి నేల మీదికి వీస్తుంది, రాత్రి నేల త్వరగా చల్లబడి గాలి ఎదురు తిరుగుతుంది. ఇది బళ్ళో చదువుకున్నదే. చెప్పనిదేమిటంటే, ఒక గాలి ఆగి ఇంకోటి మొదలయ్యే మధ్యలో కాసేపు ఆకు కదలదు. సాయంత్రం చీకటి పడే వేళకి ఇలా అవుతుంది. దోమలు గాలికి ఎదురెగరలేవు, గాలి ఆగగానే వస్తాయి. సరిగ్గా మనం ఉక్కపోస్తోందని కిటికీలన్నీ బార్లా తీసే వేళ అది. "సముద్రం పక్కన గాలి బాగా వేస్తుందండీ, దోమలుండవు" అని ఇంటివాళ్ళు చెప్పేది అబద్ధం కాదు, సగమే చెప్తారంతే. కిటికీలకి మెష్ ఉందా, మంచాలకి దోమతెరలున్నాయా, ఫ్యాన్ పడక మీదికి వస్తుందా అని అడిగితే మిగిలిన సగం తెలుస్తుంది.

ఉప్పుగాలి గురించి రెండే మాటలు. ఒడ్డుకి మొదటి వరసలో ఉన్న ఇంట్లో ఇనప గొళ్ళేలు బిగుసుకుపోతాయి, తువ్వాళ్ళు ఆరవు, అలల హోరు మొదటి గంట సంగీతం లాగా ఉండి అర్ధరాత్రి లారీ లాగా వినిపిస్తుంది. ఒకటి రెండు వీధులు వెనక్కి వస్తే వీటిలో చాలామటుకు తగ్గుతాయి. అందుకే మొదటి వరస మీద నాకు పెద్ద భ్రమల్లేవు.

మీవారి హోటల్‌ని తీసిపారేయకండి. రాత్రి తొమ్మిది దాటాక చేరేటట్టుంటే, అంటే మొదటిరోజు ప్రయాణం మీ లెక్క కంటే ఎక్కువయ్యేటట్టుంటే, ఆ రాత్రికి హోటలే సరైనది. ఇరవై నాలుగు గంటలూ కౌంటర్ దగ్గర మనిషి, లిఫ్ట్, వెలుగున్న పార్కింగ్. అలిసిపోయిన పిల్లని భుజాన వేసుకుని చీకట్లో తాళంచెవి పూలకుండీ కింద ఉందా గుమ్మం మీద ఉందా అని వెతికే ఓపిక ఎవరికుంటుంది? ఇద్దరి మాటా నెగ్గే దారి ఇంకోటి కూడా ఉంది, పాత కట్టడంలోనే నడిపే హోటల్. స్పెయిన్‌లో పారడోర్లు అని ప్రభుత్వమే నడిపే హోటళ్ళున్నాయి, 1928లో మొదలయ్యాయి. వాటిలో ఎన్నో పాత కోటల్లో, మఠాల్లో, రాజభవనాల్లో ఉన్నాయి. కట్టడం శతాబ్దాల నాటిది, సేవలు హోటల్‌వి. మీరు ఆగే తీరంలో అలాంటిది ఉందేమో ఒకసారి వెతకండి. ఉంటే నా సలహా మార్చుకుంటాను. కాకపోతే స్విమ్మింగ్ పూల్‌ని మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు. ఉన్న 11 గంటల్లో పిల్లలు మూడు గంటలు పూల్‌లో గడిపితే సముద్రం దాకా వచ్చిందెందుకు? పూల్ ఎక్కడైనా దొరుకుతుంది.

పూల్ కంటే విలువైనది ఇంకోటి ఉంది. దాన్ని ఏ ప్రకటనలోనూ రాయరు. ఇంటి బయట కాళ్ళు కడుక్కోవడానికి ఒక కుళాయి. వీలైతే దాని పక్కన ఒక అరుగో బల్లో, కూర్చుని పాప కాళ్ళు కడగడానికి. ఇది లేని ఇంట్లో ఇసుక ముందు బాత్రూమ్‌లోకి, అక్కడినుంచి పక్కల్లోకి వస్తుంది. రెండో రాత్రి అందరూ ఇసుకలో పడుకుంటారు. కుళాయి ఉందా అని అడిగితే "ఉందండీ, పెరట్లో పిల్లల కోసమే పెట్టించాం" అని వెంటనే జవాబు వచ్చిన ఇల్లు చాలావరకు మంచి ఇల్లే అవుతుంది. పిల్లలున్న కుటుంబాలు అక్కడికి వచ్చి వెళ్తున్నాయని దానర్థం.

మూడో ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఏమడగాలో ఇప్పుడు చెప్తాను. మొట్టమొదట పక్కల ఏర్పాటు. "ఐదుగురు పడుకోవచ్చు" అని రాస్తే ఎవరు ఎక్కడ అన్నది తేలాలి. ఐదోది హాల్లో సోఫానా? అత్తయ్యగారి గదికి బాత్రూమ్ అదే అంతస్తులో ఉందా, గడప ఎంత ఎత్తు, కమోడ్ పక్కన పట్టుకోవడానికి ఏమైనా ఉందా? జపాన్‌లో ఎంతో ముచ్చటైన పాత బసలుంటాయి, వాటిలో పరుపు నేల మీదే వేస్తారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి అందులోకి దిగడం తేలికే, లేవడమే కష్టం. మంచం ఎత్తు అడగటం చాదస్తం అనుకోకండి. బాబు కోసం బంక్ బెడ్ ఉందంటే బాబుని పైన పడుకోబెట్టచ్చు. పాపని మాత్రం పైకి ఎక్కనివ్వద్దు, ఆరేళ్ళలోపు పిల్లలకి పై పక్క వద్దన్నది తయారీదారులే చెప్పే జాగ్రత్త.

ఇంకో సంగతి తల్లిదండ్రులు చాలామంది మరిచిపోతారు. పాప ఎనిమిదింటికి పడుకుంటుంది. ఒకే పెద్ద గదైతే ఎనిమిదింటికే అందరికీ దీపాలు ఆరిపోయినట్టే, మీరిద్దరూ బాత్రూమ్ దీపం వెలుగులో ఫోన్లు చూసుకుంటూ గుసగుసలాడాలి. పిల్లలు పడుకున్నాక తలుపు దగ్గరగా వేసి మీరు బయట కూర్చునే వరండానో, చిన్న ముందు గదో ఉండాలి. రెండు రాత్రుల మజిలీలో మీ ఇద్దరికీ దొరికే సెలవు అంతా ఆ రెండు గంటల్లోనే ఉంటుంది. ఇటలీలో ఆల్బెర్గో డిఫ్యూజో అని ఒక పద్ధతి ఉంది. 1976లో ఫ్రియులి ప్రాంతంలో భూకంపం వచ్చాక ఖాళీ పడిన ఊళ్ళకి మళ్ళీ ప్రాణం పోసే ప్రయత్నాల్లోంచి పుట్టింది. హోటల్ గదులన్నీ ఒకే భవనంలో ఉండవు, ఊళ్ళో పాత ఇళ్ళలో తలా ఒకటిగా ఉంటాయి. ఎంత అందమైన ఆలోచన! కానీ కుటుంబంతో వెళ్తే అత్తయ్యగారి గది ఆ సందు చివర, మీది ఈ సందు మొదట పడచ్చు. మీ పెంకుటిల్లులో కూడా గదులన్నీ ఒక్క తలుపు లోపలే ఉన్నాయా, మధ్యలో పెరడు దాటాలా అడగండి.

తర్వాత భద్రత. పాత ఇళ్ళలో వేడినీళ్ళకి గ్యాస్ గీజర్ ఉంటే అది బాత్రూమ్ లోపల ఉండకూడదు. గ్యాస్ సరిగా మండనప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, ప్రాణాలు తీస్తుంది. పెరట్లో బావి ఉంటే మూత ఉండాలి, కుక్క ఉంటే కట్టేసి ఉండాలి. ఇవి అడిగితే మంచి ఇంటివాళ్ళు నొచ్చుకోరు.

పది నిమిషాల నడక అన్నారు కదా, అది వాళ్ళ నడక. మూడేళ్ళ పిల్లతో అది ఇరవై నిమిషాలు, తిరిగి వచ్చేటప్పుడు ఎత్తుకుని పదిహేను. అత్తయ్యగారిని కారులో తీసుకెళ్ళాలి. కాబట్టి ఒడ్డుకి ఎంత దగ్గరగా కారు ఆపచ్చు, అక్కడినుంచి ఇసుకలో కాకుండా గట్టి బాట ఎంతవరకు ఉంది, నీడలో కూర్చునే చోటు ఉందా అని అడగండి. ఈ జవాబులు బాగుంటే వెనక వీధి ఇల్లు గుట్ట మీది ఇంటికంటే ఆవిడని సముద్రానికి దగ్గర చేస్తుంది. లైఫ్‌గార్డ్‌లు ఉండే ఒడ్డు ఏదో కూడా కనుక్కుని, నీళ్ళలో దిగడం అక్కడే పెట్టుకోండి. అదీ వాళ్ళు పాతిన, సగం ఎరుపు సగం పసుపు ఉన్న రెండు జెండాల మధ్య మేర మాత్రమే.

డబ్బు విషయంలో చిన్న మజిలీకి ప్రత్యేకంగా రెండు చిక్కులుంటాయి. పాత ఇళ్ళవాళ్ళు చాలామంది కనీసం మూడు రాత్రులు ఉండాలంటారు, ఆ మాట బుకింగ్ చివర్లో గానీ కనిపించదు. ఇంటిని శుభ్రం చేసే ఖర్చు విడిగా వేస్తే వారానికైనా రెండు రాత్రులకైనా అంతే వేస్తారు. వారానికి పంచుకుంటే తెలియదు, రెండు రాత్రులకి గుచ్చుకుంటుంది. మొత్తం కలిపి చూసి అప్పుడే హోటల్‌తో పోల్చండి. దారి ప్రయాణం కాబట్టి ఒకరోజు అటూ ఇటూ అయితే డబ్బు పోకుండా మార్చుకోవచ్చా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి.

రివ్యూలు చదివేటప్పుడు ఐదు స్టార్లవి, ఒక స్టార్‌వి వదిలేయండి. మొదటివాళ్ళు మురిసిపోయి రాస్తారు, రెండోవాళ్ళు కోపంలో రాస్తారు. మూడు స్టార్లు ఇచ్చినవాళ్ళు తూచి రాస్తారు. "ఇల్లు బాగుంది కానీ..." అన్నచోట ఆగి చదవండి. ఆ 'కానీ' తర్వాత చెమ్మ వాసన అని ఇద్దరు ముగ్గురు రాసి ఉంటే నమ్మండి. తీరంలో చెమ్మ పట్టిన పాత గోడ ఒక్కరోజు తలుపులు తీస్తే ఆరదు. ఫోటోల్లో ఏం చూపించలేదో కూడా చూడండి. పదిహేను ఫోటోల్లో ఒక్కటైనా బాత్రూమ్‌ది లేకపోతే దానికి కారణం ఉంటుంది.

ఫోన్‌లో చివరగా నేను ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది: "మీ ఇంట్లో వచ్చినవాళ్ళకి ఇబ్బంది అనిపించేది ఏది?" ఏమీ లేదండీ అన్నవాళ్ళని నేను నమ్మను. "మధ్యాహ్నం వెనక గది కాస్త వేడెక్కుతుంది, వంటింటి తలుపు తల తగులుతుంది, ముందే చెప్తున్నాం" అన్నవాళ్ళింటికి కళ్ళు మూసుకుని వెళ్తాను. తలుపు ఎందుకు పొట్టిగా ఉందని మాత్రం బాబుని వెళ్ళాక అడగమనండి. బయల్దేరేముందు వాడికో నోటుపుస్తకం ఇచ్చి, ఆ ఇంటి గురించి ఐదు 'ఎందుకు'లు రాసుకురమ్మనండి. మీవారికి ఆటుపోట్ల పట్టిక అప్పజెప్పండి. ఎన్నింటికి ఒడ్డుకి వెళ్ళాలో ఆయనే నిర్ణయిస్తే పాత బంగళా ప్రస్తావన కాస్త తగ్గుతుంది.

కార్లోంచి మొత్తం సామాను దించకండి. రెండు రాత్రులకి కావలసినవి ఒక్క సంచిలో విడిగా సర్దుకుని అదొక్కటే లోపలికి తీసుకెళ్ళండి. తడిబట్టలకి ఒక ప్లాస్టిక్ సంచి, పాప రోజూ కప్పుకునే దుప్పటి మరిచిపోవద్దు.

ఫోన్ ఈ వారంలోనే చెయ్యండి, అదీ సాయంత్రం పూట, ఇంటివాళ్ళు తీరిగ్గా ఉన్నప్పుడు. స్పీకర్ పెట్టి అత్తయ్యగారిని పక్కన కూర్చోబెట్టుకోండి. మెట్లెన్ని, మంచమెంత ఎత్తు అన్నవి మీకంటే ఆవిడే బాగా అడుగుతారు.